బాగా చేస్తున్న పనే విసుగు పుట్టిస్తోందంటే అది మన బలమేనా?

ఆఫీసుల్లో ఒక మాట తరచుగా వినపడుతుంటుంది, "ఇది నువ్వైతే బాగా చేస్తావు, నువ్వే చూసుకో" అని. వినడానికి మెప్పులా ఉంటుంది, మొదట్లో నిజంగానే మెప్పు కూడా. కానీ రెండు మూడేళ్ళు అలాగే బండి నడిచాక చూసుకుంటే మన రోజంతా ఆ ఒక్క పనితోనే నిండిపోయి ఉంటుంది, అది మనకి ఇష్టమో కాదో ఎవరూ అడిగి ఉండరు, మనమూ మనల్ని అడుక్కుని ఉండం. అప్రైజల్‌లో రేటింగ్ బానే వస్తుంది, హైక్ కూడా పర్లేదు, టీమ్‌లో పేరుంది, అయినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి మనసు బరువెక్కిపోతుంది. అన్నీ బానే ఉన్నాయి కదా, నాకే ఏదో తేడా కొట్టినట్టుంది అనుకుని ఊరుకుంటాం.

"కెరీర్‌లో తృప్తి కావాలంటే నీ బలాలేంటో తెలుసుకో, వాటిని వాడుకునే పని చూసుకో" అనే సలహా ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. సలహాలో తప్పేం లేదు, దాని వెనక మంచి రీసెర్చే ఉంది. చిక్కల్లా ఏంటంటే బలం అనగానే మనం "నాకు బాగా వచ్చిన పని" అని తీసేసుకుంటాం. ఆ లెక్కన పైన చెప్పిన మనిషి తన బలాన్ని రోజుకి ఎనిమిది గంటలు వాడుతున్నట్టే కదా, మరి ఆ నీరసం ఎందుకు?

కొంచెం వెనక్కి వెళ్దాం. అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీలో పనిచేసిన డొనాల్డ్ క్లిఫ్టన్ అనే సైకాలజిస్ట్, మనుషుల్లో ఏం చెడిపోయిందో అని వెతకడమే కాకుండా ఏం బాగుందో కూడా చూస్తే ఎలా ఉంటుంది అని మొదలుపెట్టాడు. ఆయన కంపెనీ 1988లో గాలప్‌ని కొనేసింది, తర్వాత వచ్చిందే 34 థీమ్‌లు ఉండే క్లిఫ్టన్ స్ట్రెంగ్త్స్ టెస్ట్, చాలా కంపెనీల్లో హెచ్ఆర్ వాళ్ళు చేయించేది ఇదే. ఇంకోపక్క 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ప్రెసిడెంట్‌గా ఉన్న మార్టిన్ సెలిగ్మన్ మనిషిలో బాగున్నదాని మీద రీసెర్చ్ చేసే పాజిటివ్ సైకాలజీని ముందుకి తోశాడు, 2004లో క్రిస్టఫర్ పీటర్సన్‌తో కలిసి 24 గుణాల లిస్ట్ ఒకటి బయటపెట్టాడు, కుతూహలం, దయ, ధైర్యం, న్యాయబుద్ధి, హాస్యం ఇలాంటివి, దాన్ని బట్టి వచ్చిన వయా సర్వే ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. మొదటిది పని దగ్గర పనికొచ్చే టాలెంట్ గురించి, రెండోది మనిషి స్వభావం గురించి. ఒకాయనకి మొదటి టెస్ట్‌లో వచ్చినదానికీ రెండోదాంట్లో వచ్చినదానికీ పొంతన కుదరకపోతే కంగారు పడక్కర్లేదు, రెండూ అడిగే ప్రశ్నలే వేరు.

నా దృష్టిలో మన నీరసం ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పినవాడు మాత్రం అలెక్స్ లిన్లీ అనే బ్రిటన్ సైకాలజిస్ట్. ఒక పనిని చూసేటప్పుడు ఆయన మూడు ప్రశ్నలు వేస్తాడు, బాగా చేస్తున్నావా, చేస్తే నీకు ఓపిక వస్తోందా పోతోందా, ఎంత తరచుగా చేస్తున్నావు. ఈ మూడింటినీ కలిపి చూస్తే పనులు నాలుగు గుంపులుగా విడిపోతాయి. బాగా చేస్తావు, చేస్తే ఉత్సాహంగా ఉంటుంది, రోజూ చేస్తున్నావు కూడా, ఇది వాడుకుంటున్న బలం. బాగా చేయగలవు, ఉత్సాహమూ ఉంటుంది, కానీ చేసే అవకాశమే రావట్లేదు, ఇది వాడని బలం. బాగా రాదు, చేస్తే ప్రాణం పోతుంది, ఇది బలహీనత, దీని గురించి ఎవరికీ డౌట్ ఉండదు. ఇక నాలుగోది ఉంది చూశారూ, బాగా చేస్తావు, అందరూ మెచ్చుకుంటారు, కానీ చేసిన ప్రతిసారీ లోపల బ్యాటరీ దిగిపోతుంది. దీన్ని ఆయన బలాల లెక్కలోకే తీసుకోడు, అవసరం కొద్దీ నేర్చుకున్న అలవాటు అంటాడు. మనం రెజ్యూమెలో స్కిల్స్ అని రాసుకునే వాటిల్లో చాలావరకు ఈ బాపతే.

ఒక మనిషిని ఊహించుకుందాం, ఒక కంపెనీ ఫైనాన్స్ టీమ్‌లో ఉన్న అమ్మాయి. నెలాఖరు రిపోర్ట్ ఆవిడదే. రెండు షీట్లలో టోటల్ కలవకపోతే మిగతావాళ్ళు గంటలు గంటలు తన్నుకుంటారు, ఆవిడ మాత్రం ఫిల్టర్ వేసి, పివోట్ ఒకటి తిప్పి, ఇదిగో ఈ ఇన్‌వాయిస్ రెండుసార్లు ఎక్కింది అని పది నిమిషాల్లో పట్టేస్తుంది. అందుకే పక్క టీమ్ రిపోర్ట్ కూడా ఆవిడ దగ్గరికే వచ్చింది, తర్వాత ఆడిట్ షీట్ వచ్చింది, తర్వాత ఎవరి షీట్ పాడైనా ముందు ఆవిడకే మెసేజ్. దున్నే ఎద్దునే పొడిచినట్టు అన్నమాట. ఆవిడ నోరు తెరిచి నాకిది ఇష్టం లేదు అనలేదు, ఎందుకంటే తప్పుల్లేకుండా చేస్తోంది, పొగుడుతున్నారు, తనకే ఇది ఇష్టమేమో అనిపిస్తుంది కూడా.

ఇక్కడే అసలు చిక్కు. చేతకాని పని అయితే ఏదో ఒకరోజు బయటపడుతుంది, మేనేజర్ పిలిచి మాట్లాడతాడు, ట్రైనింగ్ ఇస్తారు, లేదంటే వేరేవాళ్ళకి మారుస్తారు. బాగా చేస్తూ అలసిపోయే పనికి అలాంటి అలారం ఉండదు. రిజల్ట్ బాగున్నంతకాలం కంపెనీకి సమస్య లేదు, మేనేజర్‌కి లేదు, కాగితం మీద చూస్తే మనకీ లేదు. మెచ్చుకోలు, హైక్, ప్రమోషన్ ఇవన్నీ కూడా మనల్ని ఇంకా లోపలికే తోస్తుంటాయి. ప్రమోషన్ మీద ఒక మాట చెప్పాలి, కోడ్ రాయడం అంటే ప్రాణం పెట్టే మనిషిని బాగా రాస్తున్నాడని టీమ్ లీడ్ చేసేసి అసలు కోడ్ రాసే పనే లేకుండా చేస్తారు చూడండి, అది బహుమానమో శిక్షో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

వాడని బలం సంగతి దీనికి పూర్తిగా రివర్స్. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మనకి ఈజీగా వచ్చే పనికి మనం విలువ ఇవ్వం. కష్టపడి నేర్చుకున్నదే గొప్ప అనిపిస్తుంది, అలవోకగా వచ్చింది లెక్కలోకే రాదు. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న గుర్తు ఉంది, అవతలివాళ్ళు ఏ విషయంలో తడబడుతుంటే మనకి చిరాకు వస్తోంది? "ఇందులో ఏముంది, ఆ మనిషికి కోపం వచ్చిందని మొహం చూస్తే తెలియట్లా?" అని విసుక్కునే మనిషికి మనుషుల్ని చదవడం వచ్చు, తనకి వచ్చని తనకి తెలీదు. "ఇన్ని పేజీలెందుకు, రెండు లైన్లలో చెప్పేయొచ్చుగా" అనేవాళ్ళకి విషయాన్ని కుదించి చెప్పడం వచ్చు. మనకి చిరాకు వచ్చే చోట్లని ఒకసారి రాసుకుని చూస్తే భలే విషయాలు బయటపడతాయి, కాకపోతే అన్ని చిరాకులూ బలాలు కావు, కొన్ని వట్టి చిరాకులే.

మరి ఏది ఏ గుంపులోకి వస్తుందో తేల్చుకోవడం ఎలా? అందరూ ముందు పరిగెత్తేది టెస్ట్‌ల దగ్గరికి. టెస్ట్ రాయొద్దు అనను, మాట్లాడుకోవడానికి నాలుగు మాటలు చేతికి దొరుకుతాయి. కానీ రిజల్ట్ చదవగానే "అబ్బ, అచ్చం నేనే" అనిపిస్తే అదే రుజువు అనుకోవద్దు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన క్లాస్‌లో 39 మంది స్టూడెంట్స్‌కి పర్సనాలిటీ టెస్ట్ పెట్టి, ఎవరి రిపోర్ట్ వాళ్ళకి ఇచ్చి, ఇది మీకు ఎంతవరకు సరిపోయింది ఐదుకి మార్కులు వేయండి అన్నాడు. యావరేజ్ 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే రిపోర్ట్, అందులో వాక్యాలు కూడా జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరినవి. మనల్ని పొగిడే మాట, కొంచెం అటూఇటూగా ఎవరికైనా సరిపోయే మాట, దాన్ని మనదే అనుకోవడానికి మనం ఎప్పుడూ రెడీగా ఉంటాం. అందుకని టెస్ట్ చెప్పింది ఊహ మాత్రమే, నిజమో కాదో పనిలో పెట్టి చూసుకోవాలి.

ఇంకో విషయం, మన గురించి మనకే అంతా తెలుసనుకుంటాం గానీ అది సగమే నిజం. సిమీన్ వజీర్ అనే సైకాలజిస్ట్ 2010లో చేసిన స్టడీలో తేలిందేంటంటే, లోపల జరిగేవి, అంటే ఆందోళన లాంటివి, మనకే బాగా తెలుస్తాయి, కానీ తెలివితేటలు, క్రియేటివిటీ లాంటి వాటిని మనకంటే మన ఫ్రెండ్సే కరెక్ట్‌గా అంచనా వేస్తారు, ఎందుకంటే వాటి దగ్గర మన పరువు అడ్డొస్తుంది. దీన్ని మన లెక్కకి తెచ్చుకుంటే ఒక దారి కనిపిస్తుంది. నేను ఈ పని బాగా చేస్తానా అన్నది పక్కవాళ్ళని అడగాలి, చేస్తే నాకు ఓపిక వస్తోందా అన్నది మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, అడిగినా వాళ్ళకి తెలీదు. మనం మామూలుగా చేసేది దీనికి ఉల్టా, ఏది ఇష్టపడాలో పక్కవాళ్ళని అడుగుతాం, ఎంత బాగా చేస్తున్నామో మనమే తేల్చేసుకుంటాం.

పక్కవాళ్ళని అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. మిషిగన్ యూనివర్సిటీతో సంబంధం ఉన్న లారా మోర్గన్ రాబర్ట్స్, జేన్ డటన్, రాబర్ట్ క్విన్, గ్రెచెన్ స్ప్రైట్జర్ వాళ్ళు 2005 ప్రాంతంలో తయారు చేసిన ఎక్సర్‌సైజ్ ఒకటుంది, మనతో పనిచేసినవాళ్ళు, ఇంట్లోవాళ్ళు, పాత ఫ్రెండ్స్ ఇలా పదీ ఇరవై మందిని, నేను బాగా పనికొచ్చిన సందర్భాలు చెప్పండి అని అడగడం. నా బలాలేంటి అని అడిగితే "నువ్వు చాలా హార్డ్ వర్కింగ్, చాలా సిన్సియర్" అని వస్తుంది, దాంతో ఏం చేసుకుంటాం. సంఘటన అడగాలి. "అన్నా, ఒక చిన్న హెల్ప్, నేను ఏదైనా మంచిగా చేశాను అని నీకు గుర్తున్న ఒక్క సందర్భం చెప్పవా, పొగడ్తలేం వద్దు, ఆరోజు ఏం జరిగింది, నేను ఏం చేశాను, అంతే" అని మెసేజ్ పెడితే చాలు. కొంచెం సిగ్గుగా ఉంటుంది, నిజమే. కానీ వచ్చిన జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకరికొకరు తెలియని మనుషులు ఒకే విషయాన్ని రకరకాలుగా చెప్పడం కనిపిస్తుంది, పట్టుకోవాల్సింది దాన్నే.

ఓపిక సంగతికి మాత్రం డైరీనే దిక్కు. రెండు వారాలు, పెద్దగా ఏం రాయక్కర్లేదు, ఫోన్‌లో నోట్స్‌లోనే, పని అయిపోగానే ఒక లైన్. మూడు విషయాలు చూసుకోవాలి, ఆ పని ముందుందని తెలిసినప్పుడు ఎదురుచూశామా వాయిదా వేశామా, చేస్తున్నప్పుడు గడియారం చూశామా మర్చిపోయామా, అయ్యాక ఇంకొంచెం చేద్దాం అనిపించిందా లేచి బయటికెళ్ళిపోవాలి అనిపించిందా. పైన చెప్పుకున్న ఫైనాన్స్ అమ్మాయి రాస్తే ఇలా ఉంటుంది అనుకుందాం: "సోమవారం ఉదయం, రికాన్సిలియేషన్, అంటే రెండు షీట్ల లెక్క కలపడం, గంటలో అయిపోయింది, ఒక్క తప్పు లేదు, అయ్యాక పావుగంట ఊరికే ఫోన్ చూస్తూ కూర్చున్నా. మంగళవారం, కొత్తగా చేరినతనికి ఆ రెండు షీట్లు ఎందుకు కలవవో చెప్పా, లంచ్ టైమ్ దాటిపోయింది, చూసుకోలేదు. బుధవారం, సేల్స్ వాళ్ళతో కాల్, వాళ్ళకి అర్థమయ్యేలా బొమ్మ గీసి చూపించా, గొంతు పోయింది, కానీ సాయంత్రం బానే ఉన్నా. గురువారం, ఆడిట్ షీట్, మూడుసార్లు ఓపెన్ చేసి క్లోజ్ చేశా."

దీంట్లో లెక్కల మీద ద్వేషం ఏం లేదు చూడండి, లెక్కలు తెలిసుండటమే ఆవిడ పెట్టుబడి. ఆవిడకి ఓపిక తెచ్చిపెడుతోంది మాత్రం ఆ లెక్కని ఇంకొకరి బుర్రలోకి ఎక్కించడం. రెజ్యూమెలో ఎక్సెల్ అని ఉంటుంది, ఈ రెండోది ఎక్కడా ఉండదు. ఇంకోటి గమనించాల్సింది, గొంతు పోవడం వేరు, నీరసపడటం వేరు, ఒళ్ళు అలిసినా మనసు తేలిగ్గా ఉండే పనులు ఉంటాయి, ఏసీలో కూర్చుని చేసినా పీల్చి పిప్పి చేసే పనులూ ఉంటాయి. డైరీలో ఈ తేడా రాయకపోతే కష్టమైన పనులన్నీ చెడ్డవిగా, సుఖమైనవన్నీ మంచివిగా కనిపించి మొత్తం లెక్క తప్పుతుంది.

మేనేజ్‌మెంట్ మీద జీవితాంతం రాసిన పీటర్ డ్రకర్ దీనికే ఇంకొంచెం లాంగ్ రన్ పద్ధతి ఒకటి చెప్పేవాడు, ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా దీనివల్ల ఏం జరుగుతుందనుకుంటున్నావో రాసిపెట్టు, 9 నుంచి 12 నెలల తర్వాత తీసి జరిగినదాంతో పోల్చి చూడు అని. రెండు మూడేళ్ళు చేస్తే మన అంచనా ఎక్కడ నిలబడుతుందో ఎక్కడ బోర్లాపడుతుందో తెలిసిపోతుంది. అంత సహనం ఉన్నవాళ్ళకి మంచిదే, చాలామందికి ఉండదు.

సరే, బలం ఏంటో తెలిసింది. తెలిస్తే సరిపోతుందా? 2005లో సెలిగ్మన్ టీమ్ ఇంటర్నెట్ ద్వారా 577 మందితో చేసిన ప్రయోగంలో ఒక గ్రూప్‌కి టెస్ట్ పెట్టి మీ ముఖ్యమైన ఐదు బలాలు ఇవి, ఎక్కువగా వాడండి అని మాత్రం చెప్పారు. ఇంకో గ్రూప్‌కి ఆ ఐదింటిలో ఒకదాన్ని వారంపాటు రోజూ ఏదో ఒక కొత్త రకంగా వాడమని చెప్పారు. మొదటి గ్రూప్‌లో సంతోషం కాస్త పెరిగి త్వరగానే పాత స్థితికి వచ్చేసింది, రెండో గ్రూప్‌లో ఆరు నెలల తర్వాత కూడా తేడా కనిపించింది, అదీ ముఖ్యంగా వారం అయిపోయినా తమంతట తామే కంటిన్యూ చేసినవాళ్ళలో. దీన్ని చూసి ఎగిరి గంతేసే ముందు ఇంకోటి కూడా చెప్పాలి, 2012లో మోంగ్రెయిన్, ఆన్సెల్మో మాథ్యూస్ అనే రీసెర్చర్లు ఇదే ప్రయోగం మళ్ళీ చేస్తే, బలాల ఊసే లేకుండా ఊరికే మంచి జ్ఞాపకాలు రాసుకున్న గ్రూప్ కూడా దాదాపు అంతే సంతోషపడింది. అంటే ఇది మంత్రం కాదు, పనిచేస్తుంది కానీ ఎందుకు పనిచేస్తుందనే దాంట్లో ఇంకా వాదనలున్నాయి.

ఉద్యోగం విషయానికే వస్తే, స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ యూనివర్సిటీ నుంచి క్లాడియా హార్జర్, విలిబాల్డ్ రూఖ్ చేసిన స్టడీ నాకు పనికొచ్చేదిగా అనిపించింది. తమ ముఖ్యమైన గుణాల్లో నాలుగు, అంతకంటే ఎక్కువ పనిలో వాడుకోగలుగుతున్న వాళ్ళకి తృప్తి ఎక్కువగా ఉంది, ఇది నేను చేయాల్సిన పనే అనే భావన కూడా వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. ఒక్క బలాన్ని పట్టుకుని దానికి సరిపోయే డ్రీమ్ జాబ్ కోసం వెతకడం కంటే, రెండు మూడు నాలుగు బలాలు రోజులో తలా కాసేపు పడేలా చూసుకోవడం మేలు అని నాకు దీంట్లోంచి అర్థమైంది. బలాల్ని రోజూ వాడేవాళ్ళు పనిలో లీనమయ్యే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ అని గాలప్ చెప్పే లెక్క కూడా వినే ఉంటారు, కాకపోతే ఆ టెస్ట్ అమ్మేది వాళ్ళే అన్న సంగతి గుర్తుపెట్టుకుని వినాలి, పైగా పనిలో హ్యాపీగా ఉన్న మనిషికి బలాలు వాడుకుంటున్నట్టు అనిపించడం కూడా సహజమే కదా, ఏది ముందో ఏది వెనకో ఆ లెక్క చెప్పదు.

ఉన్న ఉద్యోగం వదలకుండానే దాని ఆకారం మార్చుకోవడం మీద 2001లో ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ రాసింది చాలా పేరు పొందింది. జాబ్ క్రాఫ్టింగ్ అంటారు దీన్ని. వాళ్ళు ఒక హాస్పిటల్లో క్లీనింగ్ స్టాఫ్‌తో మాట్లాడారు. జాబ్ డిస్క్రిప్షన్ అందరిదీ ఒకటే, తుడవడం, కడగడం, చెత్త తీయడం. కొందరు అంతే చెప్పారు. ఇంకొందరు మాత్రం పేషెంట్లు భయపడుతుంటే కాసేపు నిలబడి మాట్లాడటం, నర్సుల టైమింగ్ చూసుకుని దానికి తగ్గట్టు తమ పని సర్దుకోవడం, ఇవన్నీ తమ పనిలో భాగమే అన్నట్టు చెప్పారు. ఒకావిడైతే కోమాలో ఉన్న పేషెంట్ల గదుల్లో గోడమీది బొమ్మలు అప్పుడప్పుడు మార్చి పెట్టేదట. ఇవేవీ ఎవరూ చెప్పిన పనులు కావు. ఇక్కడ మూడు రకాల మార్పులున్నాయి, చేసే పనుల్లో మార్పు, కలిసే మనుషుల్లో మార్పు, పనిని చూసే తీరులో మార్పు. మూడోది మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి, పని నిజంగానే ఘోరంగా ఉన్నప్పుడు "నువ్వు చూసే తీరు మార్చుకో" అని చెప్పడం మేనేజర్లకి భలే సుఖం.

మన ఫైనాన్స్ అమ్మాయి దగ్గరికి మళ్ళీ వస్తే, ఆవిడ వెళ్ళి "నాకు రిపోర్ట్‌లు బోర్ కొడుతున్నాయి" అంటే మేనేజర్ దగ్గర పని జరగదు, అతనికి అందులో ఏం లాభం. "కొత్తగా చేరినవాళ్ళు ప్రతినెలా ఇవే తప్పులు చేస్తున్నారు, నెలకి రెండు సెషన్లు నేను తీసుకుంటా, మూడు నెలల్లో ఈ పక్క టీమ్ రిపోర్ట్ వాళ్ళే చేసుకునేలా చేస్తా, అప్పటిదాకా నేనే చూస్తా" అంటే వినే అవకాశం ఉంది, ఎందుకంటే అందులో టీమ్ సమస్య తీరుతోంది, ఈవిడ చేతిలోంచి పీల్చేసే పని కొంత దిగుతోంది, ఓపికనిచ్చే పని కొంత వస్తోంది. అడిగేది చిన్నదిగా, గడువుతో, వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి. పనులు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఒక దారే, మనకి ప్రాణాంతకంగా ఉన్న పని పక్క సీట్లో వాళ్ళకి ఇష్టమైనది అయ్యుండొచ్చు, అడిగితే గానీ తెలీదు. ఇద్దరూ ఎవరి నరకం వాళ్ళు అనుభవిస్తూ పక్కపక్కనే కూర్చున్న టీమ్‌లు చాలానే ఉంటాయి.

బలమే కదా అని ఎడాపెడా వాడితే అదీ తంటానే. రాబర్ట్ కప్లన్, రాబర్ట్ కైజర్ అనే ఇద్దరు రీసెర్చర్లు కంపెనీ లీడర్ల మీద చేసిన పనిలో చూపించింది ఇదే, గట్టిగా ముందుండి నడిపించే మనిషి అది మరీ ఎక్కువైతే ఎవర్నీ నోరెత్తనివ్వడు, అందర్నీ కలుపుకుపోయే మనిషి అది ఎక్కువైతే నిర్ణయమే తీసుకోలేడు. కష్టం ఎక్కడంటే, ఆ మనిషికి అది తప్పులా కనిపించదు, అప్పటిదాకా తనని పైకి తెచ్చింది అదే కాబట్టి. అలాగే బలాల మాట చెప్పి బలహీనతల్ని గాలికొదిలేయడం కూడా కుదరదు. మెయిల్‌కి టైమ్‌కి జవాబివ్వని మనిషి ఎంత గొప్ప డిజైనర్ అయినా జనం విసిగిపోతారు. గొప్పగా చేయక్కర్లేదు, ఇంకొకరికి ఇబ్బంది కాని లెవెల్‌కి తెచ్చుకుంటే చాలు, ఆపైన పెట్టే టైమ్ బలాల మీద పెట్టుకోవచ్చు.

ఇంత చెప్పాక ఒక పెద్ద బ్రేక్ కూడా వేయాలి. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే సైకాలజిస్ట్ 1959లోనే, ఇంజనీర్లు అకౌంటెంట్లు కలిపి రెండొందల మంది దాకా మాట్లాడించి, తృప్తినిచ్చేవి వేరు, అసంతృప్తి పుట్టించేవి వేరు అని తేల్చాడు. జీతం, పై అధికారి తీరు, కంపెనీ రూల్స్, పనిచేసే పరిస్థితులు ఇవి చెడితే మనిషి కుంగిపోతాడు, బాగున్నంత మాత్రాన పొంగిపోడు. పని విషయమే, అందులో సాధించిందీ గుర్తింపూ, ఇవి తృప్తినిస్తాయి. ఆయన లెక్క మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి గానీ మన టాపిక్‌కి ఒకటి పనికొస్తుంది, అరిచే బాస్, సమయానికి రాని జీతం, పన్నెండు గంటల డ్యూటీ, వీటికి బలాల డైరీ మందు కాదు. అక్కడ కావాల్సింది వేరే ఉద్యోగం, లేదంటే గట్టిగా అడగడం.

ఇష్టమైన పని దొరికినవాళ్ళు కూడా ఒక కన్నేసి ఉంచాలి. స్టువర్ట్ బండర్సన్, జెఫ్రీ థాంప్సన్ 2009లో జూ కీపర్ల మీద చేసిన స్టడీ చదివితే కొంచెం దిగులేస్తుంది. ఆ పని కోసమే పుట్టామనుకునేవాళ్ళు జంతువుల్ని ప్రాణంగా చూసుకుంటారు, పనికి అర్థం ఉందంటారు, అదే సమయంలో జీతం, సొంత టైమ్, సుఖం వదులుకోవడానికీ వాళ్ళే ముందుంటారు, యాజమాన్యం దాన్ని వాడుకునే ప్రమాదమూ వాళ్ళకే ఎక్కువ. "నీకు ఇష్టం కదా, చెయ్యి" అని ఎక్స్‌ట్రా పని ఫ్రీగా చేయించుకోవడం ఒక్క జూలోనే జరుగుతుందనుకోను. ఓపికనిచ్చే పని అయినా దానికి రేటు ఉంటుంది, అడగాలి.

ఇప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఇదంతా కొంచెం తొందర. పని చేయకుండా ఏది ఓపికనిస్తుందో తెలియదు, పైగా మొదట్లో చేతకాని దశలో ప్రతి పనీ నీరసంగానే ఉంటుంది. పాల్ ఓకీఫ్, క్యారల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ 2018లో చేసిన ప్రయోగాల్లో, ఆసక్తి అనేది ముందే లోపల ఎక్కడో ఉంటుంది, దాన్ని కనిపెట్టాలి అంతే అనుకునేవాళ్ళకి, విషయం కష్టమవ్వగానే ఆసక్తి ఎక్కువగా పడిపోయింది, ఆసక్తి చేస్తుంటే పెరుగుతుంది అనుకున్నవాళ్ళకి అంత పడిపోలేదు. అందుకని కొత్తలో డైరీ రాసినా దాని మీద తీర్పు వెంటనే చెప్పేయొద్దు, పని చేతికి అలవాటు పడ్డాక కూడా అదే నీరసం ఉంటేనే అనుమానించాలి.

ఇక ఉద్యోగం మారాలనే డిసైడ్ అయితే, జాబ్ టైటిల్ చూసి మోసపోవడం చాలా ఈజీ. ప్రొడక్ట్ మేనేజర్ అని ఒకే పేరున్న పోస్ట్‌లో ఒక కంపెనీలో రోజంతా కస్టమర్లతో మాట్లాడటం ఉంటుంది, ఇంకో కంపెనీలో రోజంతా స్లైడ్‌లు చేయడం ఉంటుంది. ఇంటర్వ్యూ చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నప్పుడు కంపెనీ కల్చర్ ఎలా ఉంటుంది అని అడిగితే వెబ్‌సైట్‌లో ఉన్నదే చెప్తారు. "ఈ పోస్ట్‌లో ఇప్పుడున్నవాళ్ళు నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు, పోయిన వారంలో ఎక్కువ టైమ్ దేనికి పోయింది, ఇంతకుముందు ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు" అని అడగాలి. వాళ్ళు చెప్పే పనుల పక్కన మన డైరీ పెట్టుకుని, ఇందులో ఎన్ని గంటలు నాకు ఓపికనిచ్చేవి, ఎన్ని గంటలు నేను బాగా చేస్తూ అలసిపోయేవి అని చూసుకుంటే, ప్యాకేజీ ఎంత పెరిగిందో దానికంటే ముందు ఆ లెక్కే తేలుతుంది. జవాబు చెప్పడానికి వాళ్ళు తడబడితే, అదీ ఒక సమాచారమే.